గోడగా భావించబడును

పెదమల్లూరు కేంద్ర కారాగారంలో కొత్త ఖైదీకి మొదట నేర్పేది వరుసలో కూర్చోవడం అనుకుంటారు బయటివాళ్లు. కాదు. మొదట నేర్పేది అడగడం. కావలసినది కావలసినట్టు అడగకూడదు. అడిగితే అది దొరకదు సరికదా, ఎందుకు అడిగావన్న విచారణ ఒకటి మొదలవుతుంది. అందుకని ముందు అడగడానికి వీలున్నదేదో అడగాలి, దాని తోకకు కావలసినది కట్టాలి. "అయ్యా, మంచినీళ్లు తాగొస్తా, పనిలో పనిగా ఆస్పత్రిలో మా ఊరాయన్ని పలకరించొస్తా" అంటే వార్డరు చెవిలో మంచినీళ్లు మాత్రమే పడతాయి. "ఊఁ, పో" అంటాడు. ఆ ఊఁలో రెండూ ఉన్నట్టే లెక్క. ఆ కారాగారంలో తరతరాలుగా ఖైదీలు ఈ తోక పట్టుకునే బతికారు.

మగ్గాల షెడ్డులో దుప్పట్లు నేసే సింగరయ్య ఈ విద్యలో బాగా ఆరితేరాడు. పొలం గట్టు జరిపారన్న తగాదాలో అతను పాలివాడి నెత్తిన పారకర్రతో ఒకటి వేశాడు. తల పగిలింది. గట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. సింగరయ్య లోపలికి వచ్చేనాటికి కూతురు జాహ్నవి నెలల పిల్ల. ఇప్పుడు ఒకటో తరగతి దాటింది. తండ్రిని ఆ పిల్ల ఎప్పుడూ ములాఖత్ గదిలో ఇనుప జాలీ వెనకనుంచి చూడటమే. పోయినసారి వచ్చినప్పుడు జాలీకి ముక్కు ఆనించి, "నాన్నా, లోపల ఫ్యాను ఉందా? పనిలో పనిగా ఎప్పుడొస్తావో చెప్పు" అంది. తన కూతురే అనడానికి ఇంకో రుజువు అక్కర్లేదనిపించింది సింగరయ్యకి. బ్యారక్‌కి వెళ్లి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాడు.

విడుదలకి ఇంకో మూడు నెలలు ఉందనగా ప్రభుత్వానికి కంప్యూటర్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. రాష్ట్రంలోని ఖైదీలందరినీ డిజిటల్ స్రవంతిలో కలపాలని పెద్దలు తీర్మానించారు. మగ్గాల షెడ్డుకి ఒక కంప్యూటరు వచ్చింది. నేసిన దుప్పట్లు, మిగిలిన నూలు అందులో ఎక్కించాలి. ఎక్కించే పని, పదో తరగతి పాసైన నేరానికి, సింగరయ్య మెడకు చుట్టుకుంది.

అంతా బాగానే ఉంది గాని, కంప్యూటరు వెనకనుంచి ఒక తీగ గోడలోంచి బయటికి పోతోందన్న సంగతి హెడ్డాఫీసులో ఎవరికో తట్టింది. తీగ పోతే దాని వెంట ఖైదీ పోడా? ఈ ప్రశ్న మీద చాలా సమావేశాలు జరిగాయి, చాలా జీడిపప్పు ఖర్చయింది. చివరికి ఒక కంపెనీవాళ్లు వచ్చి కంప్యూటరులో 'నియంత్రిత కవచం' అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. దాని పని చాలా సులువు. ఖైదీ కంప్యూటరుకి నాలుగంటే నాలుగు ఆజ్ఞలే ఇవ్వగలడు. చూడు దుప్పట్లు, చూడు నూలు, రాయి, ముగించు. ఐదోది ఏది కొట్టినా "అనుమతి లేదు" అని తెర మీద ఎర్రక్షరాలు పడతాయి. ఏ ఆజ్ఞతో మొదలుపెట్టినా 'ముగించు' కొట్టేదాకా పని అయినట్టు కాదు.

అక్కడితో ఆగితే అది మామూలు శాఖ అయ్యేది. వెనకాలే సర్క్యులర్ వచ్చింది. "సదరు నియంత్రిత కవచము కారాగార ప్రహరీ గోడలో అవిభాజ్య భాగముగా భావించబడును. ప్రహరీ గోడకు వర్తించు సమస్త నిబంధనలును సదరు కవచమునకు యథాతథముగా వర్తించును."

సూపరింటెండెంటు త్రివిక్రమరావు గారు నిజాయితీపరుడు. లంచం ముట్టడు, ఎవర్నీ కొట్టడు, కొట్టనివ్వడు. కాని నిబంధనల పుస్తకం మొత్తం చదివినవాడు. అలాంటివాడి చేతికి ఇలాంటి సర్క్యులర్ రాకూడదు. వచ్చింది.

మర్నాడే పనులు మొదలయ్యాయి. ప్రహరీకి ఏటా సున్నం కొట్టాలి కాబట్టి మానిటరు చుట్టూ సున్నం కొట్టారు. ప్రహరీ పైన గాజుపెంకులు ఉండాలి కాబట్టి మానిటరు నెత్తిన సిమెంటు మెత్తి, సోడాసీసాలు పగలగొట్టి గుచ్చారు. గోడ దరిదాపుల్లో నిచ్చెనగా వాడదగినవి ఉండరాదు కాబట్టి కుర్చీ తీసేశారు. తాడుగా వాడదగినవి కూడా ఉండరాదు. త్రివిక్రమరావు గారు మౌసును తోక పట్టుకుని ఎత్తి కాసేపు చూశారు.

"ఇదేమిటి?"

"మౌసండి" అన్నాడు వార్డరు దావీదు.

"దీని పొడవెంత?"

"మూరన్నర ఉంటదండి."

"రేపొకడు ఇలాంటివి పది ముడివేస్తే?" అని తన చేత్తోనే కత్తిరించారు. గోడకి కాపలా సెంట్రీ ఉండి తీరాలి కాబట్టి దావీదుని తుపాకీతో కీబోర్డు పక్కన నిలబెట్టారు. దావీదు గేటు డ్యూటీలో వెంట్రుకలు నెరిసినవాడు. దేన్ని కాల్చాలో తెలియక తుపాకీ గొట్టాన్ని ఒకరోజు తెర వైపు, ఒకరోజు గోడ వైపు తిప్పి నిలబడేవాడు. సింగరయ్య నిలబడే దుప్పట్లు ఎక్కించేవాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సింగరయ్యకి రేపటి ములాఖత్‌కి పేరమ్మ దరఖాస్తు పెట్టిందో లేదో తెలుసుకోవాలనిపించింది. పెళ్లాం వస్తే పిల్ల కూడా వస్తుంది. ములాఖత్ జాబితా కంప్యూటర్లోనే ఉంటుందని విన్నాడు. 'చూడు ములాఖత్' అని కొట్టాడు. అనుమతి లేదంది కవచం.

మనిషైతే ఏం చేస్తాడు? ఆ కారాగారంలో అన్నేళ్లు ఉన్న మనిషి ఏం చేస్తాడు? వేళ్లు వాటంతటవే కదిలాయి. 'చూడు దుప్పట్లు' అని కొట్టి, కామా పెట్టి, 'చూడు ములాఖత్' అని తోక తగిలించాడు. కవచం ముందు మాట చూసింది. దుప్పట్లే కదా అనుకుంది. పొమ్మంది. తెర మీద దుప్పట్ల లెక్క వచ్చింది, దాని కింద రేపటి ములాఖత్ జాబితా వచ్చింది. అందులో పేరమ్మ ఉంది, జాహ్నవి ఉంది.

సింగరయ్యకి ఆ యంత్రం మీద ఒక్కసారిగా అభిమానం కలిగింది. దీన్ని ఎవరు చేశారోగాని మన జైలు వార్డర్లను చూసే చేసి ఉంటారనుకున్నాడు. అంతలో కరెంటు పోయింది. పని అయినట్టే అనుకుని బ్యారక్‌కి వెళ్లిపోయాడు.

అతను నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కాని బ్యారక్ వసారాలో ఒక పాత రేకు బోర్డు ఉంది. ప్రహరీ గోడలో పగులుగాని, కన్నముగాని గమనించి తెలియజేసిన ఖైదీకి పదిహేను రోజుల శిక్ష తగ్గించబడును అని దాని మీద రాసి ఉంది. పదిహేను రోజులు తగ్గితే బడులు తెరిచేనాటికి ఇంట్లో ఉంటాడు. మొదటిరోజు జాహ్నవి చెయ్యి పట్టుకుని బడిదాకా నడిపించి, గేటు దగ్గర వదిలి, సాయంత్రం మళ్లీ తీసుకురావచ్చు. ములాఖత్‌లో జాలీకి ఇవతలనుంచి ఆ మాట చెప్పేశాడు కూడా. పిల్ల ముఖం చూశాక ఇక ఆగడం అతని వల్ల కాలేదు. సోమవారం పొద్దున్నే సూపరింటెండెంటు గారి గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, గోడలో పగులు చూశానండయ్యా."

త్రివిక్రమరావు గారు కలం మూత పెట్టారు. "ఏ గోడ?"

"కంప్యూటరు గోడండయ్యా. ముందు దుప్పట్లు అడిగి, దాని ఎనకమాల ఏందడిగినా ఇచ్చేస్తంది."

"నువ్వేం అడిగావు?"

"ములాఖత్ జాబితా అడిగానయ్యా. మా ఆడోళ్ల పేరు కనపడింది."

"ములాఖత్ జాబితా గోడకి ఇవతలి వస్తువా, అవతలి వస్తువా?"

సింగరయ్య ఆలోచించాడు. "అవతలిదేనయ్యా."

"అవతలి వస్తువును చూశావంటే నువ్వు అవతల ఉన్నట్టా, ఇవతల ఉన్నట్టా?"

"నేను షెడ్డులోనే నిలబడున్నానయ్యా. దావీదన్న పక్కనే ఉన్నాడు."

"నిలబడ్డ సంగతి సర్క్యులర్‌లో లేదు" అన్నారు సూపరింటెండెంటు గారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. "పోనీ తిరిగి వచ్చావా? ముగించు అని కొట్టావా?"

"కరెంటు పోయిందండయ్యా."

త్రివిక్రమరావు గారు నిబంధనల పుస్తకం తెరిచి ఒక పేజీ చదివారు. తరవాత లేచి అలారం గంట నొక్కారు.

గంట మోగగానే ఖైదీలందరినీ బ్యారక్‌లలో పెట్టి తాళాలు వేశారు. వార్డర్లు మోటారు సైకిళ్ల మీద బస్టాండుకి, రైల్వేస్టేషనుకి పరుగెత్తారు. కారాగారమంతా ఈలలు. ఆ హడావుడిలో సింగరయ్యని పట్టించుకున్నవాడు లేడు. దావీదు అతన్ని వసారాలో కూర్చోబెట్టి తన గ్లాసులో సగం టీ పోసిచ్చాడు.

"పారిపోయిందెవురన్నా?" అన్నాడు సింగరయ్య.

"నువ్వే."

"నేనా?"

"ఆఁ. టీ తాగు, సల్లారిపోద్ది."

ఫొటోగ్రాఫరు వచ్చి వెదికే ప్రకటన కోసం సింగరయ్యకి ఫొటో తీశాడు. గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. పాత ఫొటోలో పోలిక సరిగ్గా లేదట. పోలీసు కుక్కను తెచ్చారు. దానికి సింగరయ్య చొక్కా వాసన చూపించారు. ఆ చొక్కా అతని ఒంటి మీదే ఉంది. కుక్క నేరుగా వచ్చి అతని కాళ్ల దగ్గర కూర్చుని తోక ఊపింది. దాన్ని పట్టుకొచ్చిన కానిస్టేబులు తలవంచుకున్నాడు. కుక్క కారాగారం దాటి ఒక్క అడుగు వెయ్యలేదనీ, నేరస్థుడి జాడ పట్టలేకపోయిందనీ, దాన్ని మళ్లీ శిక్షణకి పంపడమైనదనీ రాశారు.

సాయంత్రం లాకప్ లెక్కకి సింగరయ్య అలవాటు ప్రకారం వరుసలో కూర్చున్నాడు. లెక్కపెట్టే వార్డరు అతని ముందువాడి నెత్తి తట్టి, అతన్ని దాటి, తరవాతివాడి నెత్తి తట్టాడు. "ఒకడు తక్కువ. పరారీ" అని కేక పెట్టాడు. సింగరయ్య నెత్తి ఆ పూట ఎవరూ తట్టలేదు. ఇన్నేళ్లూ ఆ చెయ్యి నెత్తిన పడినప్పుడల్లా తిట్టుకున్నవాడికి, పడకపోయేసరికి భయమేసింది.

పరారీలో ఉన్నవాడికి కూడు పెట్టే నిబంధన లేదు. బ్యారక్‌లో చోటు కూడా లేదు. వసారాలోనే పడుకోసాగాడు. దావీదు ఇంటినుంచి తెచ్చుకున్న కారియరులో ఒక గిన్నె అతనికి తీసిపెట్టేవాడు. "పారిపోయినోడికి కూడు పెడతే నా ఉద్యోగం పోద్దిరా" అంటూనే గోంగూర వడ్డించేవాడు.

గోడలో కన్నం పడింది కాబట్టి గోడలు చూసే ఇంజనీరు రావాలి. వచ్చాడు. టేపు తీశాడు.

"కన్నం ఎక్కడ?"

సింగరయ్య కీబోర్డు చూపించాడు. ఇంజనీరు వంగి చూశాడు.

"ఎంత వెడల్పు?"

"కామా అంతండి."

"అంత చిన్నదాంట్లోంచి మనిషి పడతాడా?"

"పట్టానంటన్నారండి."

ఇంజనీరు అతన్ని నఖశిఖపర్యంతం చూసి, కన్నం చుట్టూ గోడ బలహీనంగా ఉందనీ, సిమెంటు, ఇసుక, కూలీలు కావాలనీ అంచనా వేసుకుని వెళ్లిపోయాడు. సిమెంటు వచ్చింది కూడా. దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలియక షెడ్డు గుమ్మానికి మెట్టు కట్టారు.

ఈలోగా పోలీసులు సింగరయ్య ఊరు వెళ్లి అతని ఇంటి అరుగు మీద మకాం పెట్టారు. పారిపోయినవాడు ఎప్పటికైనా పెళ్లాం దగ్గరికి రాకపోడని వాళ్ల అనుభవం. పేరమ్మ వాళ్లకి మజ్జిగ పోసి, "ఏందయ్యా ఇది? నిన్నగాక మొన్న ములాఖత్‌లో చూసొచ్చా. ఆయన జైల్లోనే ఉండాడు గదా" అంది.

"అదేనమ్మా మా బాధ" అన్నాడు హెడ్డు కానిస్టేబులు. "జైల్లోంచి పారిపోయి జైల్లోనే దాక్కున్నాడు. అక్కడికి పోయి ఎతుకుదామంటే, జైలు మా స్టేషను పరిధిలోకి రాదు."

తరవాతి శనివారం పేరమ్మ పిల్లని వెంటబెట్టుకుని ములాఖత్‌కి వచ్చింది. ఖైదీ లోపల లేడు, ములాఖత్ లేదు పొమ్మన్నారు. గేటు కన్నంలోంచి చూస్తే సింగరయ్య వసారాలో చీపురు పట్టుకుని ఊరికే కూర్చోలేక ఊడుస్తున్నాడు.

"అడుగో, ఉండాడు గదా" అంది పేరమ్మ.

గేటు దగ్గర కూర్చున్న గుమాస్తా కలం తీశాడు. "మీరు చూశారా? ఎక్కడ చూశారు? ఎప్పుడు చూశారు? పారిపోయిన ఖైదీ ఆచూకీ తెలిసీ చెప్పకపోతే నేరం."

పేరమ్మ నోరు మూసుకుని పిల్లని లాక్కుని వెళ్లిపోయింది. జాహ్నవి వెనక్కి వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లడం సింగరయ్యకి కనబడింది. చీపురు అక్కడ పడేసి సూపరింటెండెంటు గారి గదికి పరుగెత్తాడు. అడ్డుకున్నవాడు లేడు. లేనివాణ్ణి ఎవరు అడ్డుకుంటారు?

"అయ్యా, నేను లొంగిపోతానయ్యా."

"మంచిదే" అన్నారు త్రివిక్రమరావు గారు. "లొంగిపోవాలంటే బయటినుంచి గేటు దగ్గరికి రావాలి."

"అయితే నన్ను బయటికి పంపించండయ్యా, వస్తాను."

"గేటు దాటించాలంటే నువ్వు లోపల ఉండాలి కదయ్యా. లోపలున్నవాళ్లకే గేటు పాసు."

"మరి వచ్చే బుధవారం కాక పై బుధవారం నా విడుదల గదయ్యా."

సూపరింటెండెంటు గారు మొదటిసారి అతని కళ్లలోకి చూడలేకపోయారు. "అదే నేనూ ఆలోచిస్తున్నాను. లోపల లేనివాణ్ణి ఎలా విడుదల చెయ్యను? ముందు నువ్వు పట్టుబడాలి. పట్టుబడ్డాక పారిపోయిన నేరానికి కేసు. రెండేళ్లదాకా పడొచ్చు. పరారీలో ఉన్న రోజులు పాత శిక్ష లెక్కలోకి రావు." కలం చేతిలోకి తీసుకుని, "నువ్వు చెప్పకుండా ఉండాల్సిందయ్యా" అన్నారు. "పగులు చూపించినందుకు నీకు పదిహేను రోజుల తగ్గింపు మాత్రం మంజూరు చేశాను. అది నీ హక్కు. దొరికాక వాడుకో."

సింగరయ్య వేళ్ల మీద లెక్కేశాడు. రెండేళ్లంటే పిల్ల నాలుగో తరగతిలో ఉంటుంది. అప్పటికి జాలీలోంచి నాన్నని పలకరించడానికి కూడా సిగ్గుపడుతుంది.

హెడ్డాఫీసు మాత్రం ఊరుకోలేదు. కవచం చేసిన కంపెనీని పిలిచి నిలదీసింది. కవచం ముందు మాట ఒక్కటే చదువుతుందనీ, వెనక మాట చదవదనీ తేలింది. ఎందుకు చదవదని అడిగితే, శాఖలో ఫైళ్లు ఎలా నడుస్తాయో నెలరోజులు కూర్చుని చూసి దాని ప్రకారమే తయారు చేశామని కంపెనీవాళ్లు నిజాయితీగా జవాబిచ్చారు. ఆ జవాబును రహస్యంగా ఉంచమన్నారు. వెనక మాట చదవడం నేర్పాలంటే ఏడాది పడుతుందన్నారు. అంతదాకా రాష్ట్రంలోని కారాగారాలన్నిట్లో కీబోర్డుల మీద కామా మీట పీకెయ్యమని ఉత్తర్వులయ్యాయి. త్రివిక్రమరావు గారు ముందు తన కీబోర్డుదే పీకి, కవరులో పెట్టి సీలు వేశారు.

కన్నం పూడింది. గోడ ఇప్పుడు దుర్భేద్యం అని కంపెనీ ఇంజనీరు ప్రకటించాడు. "ఇకమీదట చీమ కూడా దాటలేదు సార్."

"చాలా సంతోషం" అన్నారు త్రివిక్రమరావు గారు. "మరి అవతల ఉన్నవాడు లోపలికి ఎలా వస్తాడు?"

ఇంజనీరు బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న హెడ్డాఫీసుకి వెళ్లింది. అక్కడ మళ్లీ సమావేశాలు, మళ్లీ జీడిపప్పు. చివరికి ఉత్తర్వు వచ్చింది. పరారీ ఖైదీ పునఃప్రవేశము నిమిత్తము సదరు రంధ్రమును ఒక్క పూట తాత్కాలికముగా, సాయుధ బందోబస్తు నడుమ, తెరవవలెను. డీఐజీ గారు స్వయంగా విచ్చేస్తారు. వారికి ఖాళీ ఉన్నది ఒక్క బుధవారమే, సింగరయ్య విడుదల కావలసిన బుధవారం.

ఆ బుధవారం మగ్గాల షెడ్డు ముందు షామియానా వేశారు. విలేకరులు వచ్చారు. రాష్ట్రంలో ప్రథమంగా ఒక ఖైదీని సాంకేతిక మార్గంలో తిరిగి బంధిస్తున్నామని డీఐజీ గారు ఎర్ర కార్పెట్ మీద నిలబడి చెప్పారు. కార్పెట్ అంటే సింగరయ్య నేసిన ఎర్ర దుప్పటే. కామా మీటని పళ్లెంలో పెట్టి, తువ్వాలు కప్పి తెచ్చి, కీబోర్డులో బిగించారు. సింగరయ్య చుట్టూ తుపాకులు నిలబడ్డాయి. గోడ మీద గాజుపెంకులు ఎండకి మెరుస్తున్నాయి.

నిబంధన ప్రకారం లోపలికి వచ్చేవాడు ముందు నోటితో అనుమతి కోరాలి, పై అధికారి మంజూరు అనాలి, అప్పుడు 'ముగించు' కొట్టి లోపలికి రావాలి. త్రివిక్రమరావు గారు ఆ వాక్యాన్ని అతనితో పొద్దుటినుంచి వల్లె వేయించారు.

సింగరయ్య చేతులు కట్టుకున్నాడు. పెద్దగేటు అవతల ఆటో వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. విడుదల రోజని మాట్లాడి పెట్టుకున్న ఆటో. వద్దని పేరమ్మకి ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే మనిషి కాదు. డీఐజీ గారు కెమెరా వైపు తిరిగి టోపీ సర్దుకుంటున్నారు.

సింగరయ్య ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే నోరు పెగిలేది కాదు. అన్నేళ్లుగా నీళ్లు అడిగినట్టు, బీడీ అడిగినట్టు, అడిగాడు.

"అయ్యా, తమరి దయవల్ల గోడ లోపలికి రావడానికి సెలవు ఇప్పించండయ్యా, పనిలో పనిగా నా గడువు ఈ పొద్దుతో తీరింది గనక గేటు దాటి ఇంటికి పోను గూడా సెలవు ఇప్పించండయ్యా."

"మంజూరు" అన్నారు డీఐజీ గారు, కెమెరా వైపు చిరునవ్వుతో.

సింగరయ్య 'ముగించు' కొట్టాడు. తెర మీద పచ్చక్షరాలు వచ్చాయి. విలేకరులు చప్పట్లు కొట్టారు. త్రివిక్రమరావు గారి ముఖం మాత్రం గోడకి కొట్టిన సున్నంలా ఉంది. ఆయన వెనక మాట విన్నారు. ఆ కారాగారంలో మొదటినుంచి చివరిదాకా వినేవాడు, చదివేవాడు ఆయన ఒక్కడే. కాని ఇప్పుడేమనగలరు? వెనక మాట తమరు వినలేదండి అని విలేకరుల ముందు డీఐజీ గారితో అనగలరా? మంజూరులో సగం మంజూరు అనేది పుస్తకంలో ఎక్కడైనా ఉందా? పైగా అనుమతితో గేటు దాటినవాణ్ణి పరారీ అనడానికి వీల్లేదు, లోపలికి అనుమతితో వచ్చినవాడి మీద పాత కేసు నిలవదు. పుస్తకమంతా ఆయన మనసులో పేజీ పేజీ తిరిగింది. చివరి పేజీదాకా వెళ్లి మూసుకుంది.

"ఏమండీ సూపరింటెండెంటు గారూ, ఇంకేమైనా ఉందా?" అన్నారు డీఐజీ గారు.

"ఏమీ లేదు సర్" అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన పెదవి చివర ఏదో కదిలింది. ఉద్యోగంలో చేరాక ఆయన నవ్వు చూసినవాళ్లు లేరు కనుక, అది నవ్వో కాదో చెప్పలేం. "వార్డర్, మంజూరైంది విన్నావుగా. గేటు."

దావీదు తుపాకీ పక్కన పెట్టి, గేటుదాకా పరుగులాంటి నడకతో వెళ్లి చిన్న తలుపు తీశాడు. "తలొంచు, తగులుద్ది" అన్నాడు సింగరయ్యతో.

బయట ఎండ. ఆటో పక్కన పేరమ్మ, ఆమె వెనక, ఇన్నాళ్లూ ఆమె ఇంటి అరుగు మీద మకాం పెట్టిన కానిస్టేబుళ్లు. ఆటోలో చోటుందని వాళ్లూ ఎక్కి వచ్చారు. హెడ్డు కానిస్టేబులు జేబులోంచి వెదికే ప్రకటన తీసి, అందులో ముఖం, ఎదురుగా ముఖం మార్చి మార్చి చూసి, లోపలినుంచి వినిపిస్తున్న చప్పట్లు విని, కాగితం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

జాహ్నవి బడి బట్టల్లో ఉంది. బడులు తెరిచి అప్పటికే వారమైంది. నాన్న మొదటిరోజు తీసుకెళతానన్నాడు కనుక, నాన్న వచ్చిన రోజే మొదటిరోజని ఆ పిల్ల ఇంతదాకా బడి గడప తొక్కలేదట. ఇప్పుడు జాలీ లేదు. జాలీ లేకుండా ఆ మనిషి దగ్గరికి ఎలా వెళ్లాలో పిల్లకి తెలియలేదు. తల్లి చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడింది. సింగరయ్యకీ తెలియలేదు. ఇద్దరి మధ్య నాలుగడుగుల ఎండ ఉంది.

కాసేపటికి ఆ పిల్ల కుచ్చెళ్లు వదిలింది.

"నాన్నా, దాహమేస్తంది, సోడా కొనిపెట్టు" అంది. కాలి బొటనవేలితో నేల మీద గీస్తూ, "పనిలో పనిగా ఎత్తుకో" అంది.

సోడా సంగతి సింగరయ్య చెవిన పడలేదు.